బావ కాలి మీది గాటు

ఆదివారం

ఎల్బీనగర్ వెళ్లి సుజాతక్కనూ బావనూ చూసి వచ్చాను. బావకు బైపాస్ అయి రెండు నెలలు దాటింది. అక్క నోరు ఆగితేగా. "గుండెల అడ్డం అట్లనే ఉంటదట. కాలి నరం తీసి, అడ్డం దాటినంక అవుతల కుట్టిన్రు. మన చౌరస్తా ఫ్లైఓవర్ లెక్క రక్తం పైనుంచి పోతది" అంది.

నాకు తెలియనిదా? మా ఆయనకు గుండె రక్తనాళాలు చివరిదాకా సన్నబడ్డాయి, అవతల కుట్టడానికి చోటే లేదు, మందులే గతి అన్నాడు డాక్టర్. ఆయనతో మాత్రం, నీకు ఆపరేషన్ అక్కర్లేదట అని చెప్పాను.

నరం తీసిన చోట కాలి గాటు దురద పెడుతోందని, బావ చప్పటి కూర తిననంటున్నాడని అక్క గోడు. ఆ గాటు చూపిస్తుంటే నా ఒళ్లు మండింది. తీసుకెళ్లిన బత్తాయిలు తిరిగి తెచ్చేసుకుందామనిపించింది.

ఇంటికి రాగానే మా ఆయన మంచం మీంచే అడిగాడు. "బావ ఎట్లున్నడే?"

"ఏముంది, కాలు ఇంకా సలుపుతుందట. మస్తు తిప్పలు పడుతున్నడు."

"పోనీ, మనకు కోత తప్పింది" అని నవ్వాడు. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది.

బావ మెట్లు దిగి, గేటు దాకా వచ్చి నన్ను సాగనంపాడని చెప్పలేదు.