నువ్వు కట్టిన విజిల్

అమ్మా, కాలు బెణికిందంతే, విరగలేదు. అక్క గోరంతలు కొండంతలు చేస్తుంది, నమ్మకు.

ఆదివారం ఫోన్లో గుర్తులు చూసుకుంటూ, గుట్ట మీద ఎవరో దాచిన డబ్బా వెతికి పట్టుకున్నాను. మా జియోక్యాచింగ్‌ ఆటలో డబ్బాలోంచి ఒకటి తీసుకుంటే బదులు ఒకటి పెట్టాలి. బొంగరం తీసుకుని, జేబులో ఇంకేమీ లేక, ఆపదలో ఊదమని నువ్వు మెడలో కట్టిన విజిల్ పెట్టేశాను. దిగుతూ జారిపడ్డాను. అరిస్తే పలికే నాథుడు లేడు. చాలాసేపటికి పైన నీ విజిల్ మోగింది. నా తర్వాత డబ్బా తెరిచిన ఒక నర్సు ఊది చూస్తోంది. నా కేక విని దిగొచ్చింది. కట్టు కడుతూ ఆ విజిలే చూపించి, "ఇలాంటిదొకటి మెడలో ఉండాలమ్మా, ఇంట్లో చెప్పలేదా?" అంది. నేను తలూపి, బొంగరాన్ని జేబులో ఇంకాస్త లోపలికి తోశాను.

ఒకరు తీసుకున్నది తిరిగి అడగడం మర్యాద కాదు, ఇంకోటి పంపు. నాన్నకి నమస్కారాలు, కళ్లజోడు దొరికిందా? విజిల్ దారానికి ముడి నువ్వే వెయ్యి. ఈసారి విప్పను.

నీ చిన్నది