ప్రేమవిందు పళ్ళేలు

2013 జనవరి 2, బుధవారం

ఒళ్ళు మండిపోతోంది. నిన్న చర్చిలో కొత్త సంవత్సరం ప్రేమవిందు. మూడు వందల మంది తిన్నారు. తిన్న థర్మాకోల్ పళ్ళేలు, ప్లాస్టిక్ గ్లాసులు, ఎముకలు అన్నీ చర్చి వెనక గుట్టగా పడేశారు. పైన గద్దలు. ఇవాళ పొద్దున ఎయిర్‌పోర్ట్ నుంచి జీపులో ఇద్దరు వచ్చి, గిట్ల బొక్కలు పారేస్తే పక్షులొచ్చి విమానాలకు తగుల్తయి, ఎన్నిసార్లు చెప్పాలె అని కోప్పడి పోయారు. మా సంఘ పెద్దలు బుద్ధిగా తలలూపారు. జీపు మలుపు తిరగ్గానే ఆ గుట్టకు నిప్పు పెట్టించారు.

నల్లటి పొగ మా స్కూలు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే నేను ఎనిమిదో తరగతికి వాయు కాలుష్యం పాఠం చెబుతున్నాను. కిటికీలు మూయించి చెప్పాను. సిగ్గేసింది.

ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. సీమోను అంటే సంఘంలో పెద్దమనిషి, ట్రెజరర్ మరి. ఇగ మొదలువెట్టింది ప్లాస్టిక్ పోలీసు అని నవ్వారు. గుడ్డ సంచి లేకుండా ఆయన్ని కూరగాయలకు పంపను. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు తప్ప పోయనివ్వను. అందుకని నాకా పేరు. పెట్టుకోనీ.

జనవరి 6, ఆదివారం

స్త్రీల సమాజం మీటింగ్. పిడికెడు బియ్యం డబ్బుతో స్టీలు పళ్ళేలు కొందామన్నాను. రోజూ వంటకు ముందు ప్రతి ఇంటి ఆడమనిషీ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తే, నెలకోసారి ఆ బియ్యం చర్చిలో అమ్మగా కూడిన డబ్బు అది. పెద్దలకు దాంతో కొత్త సౌండ్ బాక్సులు కావాలట. ఉన్నవాటితోనే చెవులు చిల్లులు పడుతున్నాయి. మీటింగ్‌కు వచ్చిన పెద్దల్నే, బియ్యం మీరు తీశారా అని అడిగాను.

పళ్ళేలు కావాలన్నవాళ్ళు చేతులెత్తండి అంటే ముందు ఎవరూ ఎత్తలేదు. చర్చి ఊడ్చే రుక్కమ్మ వెనక వరసలోంచి చెయ్యెత్తింది. మొగుడు పోయాక ఒంటిపూటే వండుకుంటుంది, అయినా పిడికెడు తప్పకుండా తెస్తుంది. ఆమెను చూసి మిగతా చేతులు లేచాయి. గెలిచాం.

ఫిబ్రవరి 16, శనివారం

బేగంబజార్ నుంచి పళ్ళేలొచ్చాయి. రెండు వందల యాభై. గ్లాసులు కూడా. ప్రతిదాని మీదా చర్చి పేరు చెక్కించాం. ఎత్తుకపోయినోడు పాస్టరు గావాల్సొస్తది అని మా ఆయన జోకు.

మార్చి 31, ఈస్టర్, సాయంత్రం 5

ఒక్క ప్లాస్టిక్ గ్లాసు లేదు! ఒక్క థర్మాకోల్ ముక్క లేదు! ఎముకలన్నీ గొయ్యి తీసి పూడ్పించాను. ఒక్క గద్ద రాలేదు. పాస్టరు అయ్యగారు మైకులో నా పేరు చెప్పి, యేసుమణి టీచరమ్మ దేవుని సృష్టిని కాపాడుతోంది అన్నారు. చప్పట్లు. ఫోటో. మిగిలిన మటన్ కూర నా టిఫిన్ డబ్బా నిండా పెట్టి పంపారు. బి.ఎడ్. పాసైన రోజున కూడా నాకింత సంతోషం లేదు.

ఏప్రిల్ 1, సోమవారం

ఇవాళ స్కూలుకు సెలవు పెట్టాను. చర్చిలో నా గరిటె మరిచిపోయానని పది గంటలకు వెళ్ళాను. నల్లా దగ్గర రుక్కమ్మ కూర్చుని పళ్ళేలు తోముతోంది. నిన్న మూడింటికి మొదలుపెట్టిందట. చీకటి పడేదాకా తోమి, ట్యాంకర్ నీళ్ళు అయిపోతే ఆపి, పొద్దున్నే మళ్ళీ కూర్చుందట. రెండు వందల యాభై. ఒక్కతే. వేళ్ళ సందులు పగిలి ఎర్రగా ఉన్నాయి.

సమాజం ఆడవాళ్ళంతా ఏరి అని అరిచాను. పిల్లలున్నరు, ఎండ గొట్టింది, పోయిన్రు అంది. నువ్వున్నవు గద రుక్కమ్మా అని పోయిన్రట. ఎవరి మీదా నేరం మోపినట్టు కాదు, మామూలుగా చెప్పింది. తిన్నావా అంటే, అన్నం మిగిలుండె, చారు వోసుకున్న, కూర అయిపోయింది అంది.

కూర అయిపోలేదు. మా ఫ్రిజ్‌లో ఉంది.

కొంగు దోపుకుని పక్కన కూర్చోబోతే వద్దంది, చీర ఖరాబైతదట. ఇంకో మాట కూడా అంది. ప్లాస్టిక్కే మంచిగుండె టీచరమ్మా, ఊడ్సి అగ్గివెడితె అయిపోతుండె అంది. ఆమెకు కోపం లేదు. నాకే ఒళ్ళంతా కోపం, ఎవరి మీదో తెలియడం లేదు.

ఏప్రిల్ 2

పళ్ళేలు కొన్నప్పుడు ఎవరు కడుగుతారని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఏప్రిల్ 7, ఆదివారం

పెద్దల మీటింగ్‌లో విషయం ఎత్తాను. చెన్నయ్య అన్న అందరికంటే పెద్ద, ఆయన మాటే చివరి మాట. రుక్కమ్మకు ఒక చీర పెడదాం, సరిపోతది అన్నాడు. చీర కట్టుకుంటే వేళ్ళు మానతాయా? ఇంకొకాయన, పరేషాన్ ఎందుకు, మల్ల థర్మాకోలే తెద్దాం అన్నాడు. అందరికీ ఆ మాట తెగ నచ్చింది. మా ఆయనకు కూడా. అంటే రుక్కమ్మ వేళ్ళయినా పగలాలి, లేకపోతే ఊరంతా పొగయినా పీల్చాలి, వీళ్ళ చేతులకు మాత్రం తడి తగలకూడదు!

అంతసేపూ రుక్కమ్మ బయట మెట్లు ఊడుస్తోంది. ఆమెను లోపలికి పిలిచి అడుగుదామని ఎవరికీ తోచలేదు. నాకూ ఇంటికొచ్చాకే తోచింది.

జూన్ 20, గురువారం

మధ్యాహ్న భోజనం డ్యూటీ. ఆరో తరగతి పిల్లలు తిన్నారు, లేచారు, ఎవరి పళ్ళెం వాళ్ళు నల్లా దగ్గర కడుక్కుని సంచుల్లో పెట్టుకున్నారు. పది నిమిషాల్లో అయిపోయింది. పదేళ్ళుగా రోజూ చూస్తున్నాను ఈ తంతు. ఇవాళ నిలబడి చూశాను.

జూన్ 23, ఆదివారం

పెద్దల మీటింగ్‌లో, ఎవరి పళ్ళెం వాళ్ళే కడగాలన్నాను. లెక్కలన్నీ వేసుకునే వెళ్ళాను. ముందు బూడిదతో రుద్దాలి, ఒక తొట్టిలో ముంచాలి, ఇంకో తొట్టిలో జాడించాలి. ట్యాంకర్‌లో సగం కూడా ఖర్చు కాదు. ఆ నీళ్ళు అరటిచెట్లకు.

చెన్నయ్య అన్న లేచాడు. ఇంట్లనే ఎన్నడు నా కంచం నేను ఎత్తలే, నలుగుట్ల ఎంగిలి కంచం వట్టుకొని లైన్ల నిలవడాల్నా అన్నాడు. ఇన్నేళ్ళూ అందరి ఎంగిలీ రుక్కమ్మ ఎత్తితే ఎవరికీ నామోషీ కాలేదు. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడని గుడ్ ఫ్రైడే ముందురోజు కళ్ళు తుడుచుకున్నది మీరే కదా, కాళ్ళయితే కడగొచ్చు గానీ కంచం కడగకూడదా అని అడిగాను. అయ్యగారికి దగ్గొచ్చింది. మా ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

నవంబర్ 24, ఆదివారం

కోత పండుగ విందు. థర్మాకోల్ పళ్ళేలు! స్టీలువేవీ అంటే ట్రంకు పెట్టెలో ఉన్నాయట, తాళం వేసి. తాళంచెవి ఎవరి దగ్గర? మా ఆయన దగ్గర! ఎనిమిది నెలలు విషయాన్ని అటూ ఇటూ నలిపి, నాతో ఒక్క మాట అనకుండా, దొంగల్లా చేశారు. పిడికెడు పిడికెడు తీసింది ఎవరు, తాళం వేసింది ఎవరు?

తినకుండా వచ్చేశాను. వెనక గద్దలు తిరుగుతున్నాయి. రుక్కమ్మ ఊడుస్తోంది.

ఇక మాటల్లేవు. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరి పళ్ళెం వాళ్ళే.

నవంబర్ 26

సింకులో ఆయన పళ్ళేలు నాలుగు.

నవంబర్ 29, శుక్రవారం

పది. ఇంట్లో పళ్ళేలైపోయి ఇవాళ కుక్కర్ మూతలో తిన్నారు. స్కూల్ పిల్లలకు చాతనైంది నీకు చాతకాదా డాడీ అని షెకీనా అడిగేసింది. నా కూతురే.

డిసెంబర్ 1, ఆదివారం

ఆయన కడిగారు. అన్నీ. ఎండిపోయిన మెతుకులు ఊడక గోళ్ళతో గీకారు. గంట పట్టింది. తర్వాత నడుం పట్టుకుని కుర్చీలో కూర్చుని, గామె రెండు వందల యాభై ఎట్ల తోమిందే అని అడిగారు.

నాకు ఏడుపొచ్చింది.

డిసెంబర్ 22, ఆదివారం

ఆరాధన అయ్యాక మా ఆయన లేచి, క్రిస్మస్ నాడు నా పళ్ళెం నేనే కడుగుత, ఇష్టమున్నోల్లు నా ఎన్క రాండ్రి అన్నారు. ఎవరూ ఆమెన్ అనలేదు. చెన్నయ్య అన్న విందుకు రానన్నాడు. రాకపోతే పీడా పోయింది.

డిసెంబర్ 25

ట్రంకు పెట్టె తాళం మా ఆయనే తీశారు. రుక్కమ్మ మొదటి బంతిలో కూర్చుంది. మటన్ రెండుసార్లు వేయించుకుంది. తొట్టి దగ్గర మా ఆయన వెనక లైన్లో నిలబడి ఆమె పళ్ళెం నేను కడిగాను. అంచుకు జిడ్డు పోలేదని మళ్ళీ కడిగించింది.