అమ్మ సమాధి అడిగినవాళ్లు

నెబ్రాస్కా, అక్టోబర్ 1968

తమ్ముడూ వెర్నన్,

నిన్న నీ పుస్తకం చదివిన జంట ఒకటి పూలు పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మన ఇంటికి వచ్చింది. ఇద్దరికీ భుజాల దాకా జుట్టు.

"వెర్నన్ వాళ్లమ్మ సమాధి ఎక్కడండీ?" అని అమ్మనే అడిగారు. అందులో నువ్వు రాసిన అమ్మ చావు నిజమే అనుకున్నారు పాపం.

"చర్చి వెనకాల. ముందు లోపలికొచ్చి ఇంత సూపు తాగండి," అంది అమ్మ.

వాళ్లు వెళ్లాక నన్నడిగింది: "నేను పోయేటప్పుడు వాడు నా పక్కనే ఉన్నట్టు రాశాడుటే?"

ఆమెకు అక్షరాలు ఆనవు కదా, ఉన్నావనే చెప్పాను. ఇప్పుడు ఆ పేజీ చదివి వినిపించమంటోంది. ఈ చలికాలం దాటుతుందని డాక్టరు గారు చెప్పడం లేదు. లేని పేజీ నేనెలా చదవను? నువ్వే వచ్చి చదువు.

అక్క