మోగని పొగ గంట

అజ్లూన్,
2020 జనవరి 17, శుక్రవారం

ప్రియమైన ఇన్సాఫ్ అక్కకు,

నీ మీదా పిల్లల మీదా దేవుడి చల్లని చూపు ఉండాలని కోరుకుంటూ చెల్లెలు రఘద సలాములు. ఫోన్లో ముక్తసరిగా మాట్లాడానని నొచ్చుకోకు. మీ మరిది పక్కనే ఉన్నారు.

మంగళవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్య తన గదిలో నడుం వాల్చింది. మూడు రోజులుగా ఒకటే వాన, బట్టలు ఆరడం లేదు. కిరోసిన్ హీటర్ ముందుకు కుర్చీ లాక్కుని తన ఉన్ని శాలువా దాని మీద ఆరేసుకుందట. నేను రొట్టెల కోసం వీధి చివరికి వెళ్లాను. ఇరవై నిమిషాలు, అంతే. వచ్చేసరికి కిటికీలోంచి నల్లటి పొగ. ఎదురింటి ఉమ్ హాజిమ్ మా తలుపు బాదుతోంది. తడి తువ్వాళ్లు ముక్కుకు కట్టుకుని, నేల మీద పాకుతూ వెళ్లి, ఇద్దరం అత్తయ్యను దుప్పటితో సహా ఈడ్చుకొచ్చాం.

ఒంటి మీద కాలింది తక్కువే. పీల్చిన పొగే ఎక్కువ అంటున్నారు డాక్టరు. ఇంకో రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేరట. ఆసుపత్రిలో పక్కన కూర్చుని ఆమె ఊపిరి లెక్కపెడుతున్నాను. కాస్త ఆలస్యమైతే నా ఊపిరి ఆగుతోంది. ఇంటికొస్తే హీటర్ వెలిగించే ధైర్యం లేదు. చలికి వణుకుతూ కూర్చుంటున్నాను.

శరదృతువులో వచ్చినప్పుడు నువ్వు మా ఇంట్లోనూ ఉమ్ హాజిమ్ ఇంట్లోనూ బిగించి వెళ్లావే, ఆ పొగ గంట, అది మోగలేదు. మంట వేడికి కరిగి ముద్దయింది. ఎందుకు మోగలేదని మీ మరిది అడిగితే నాకేం తెలుసన్నాను. నిన్నెవరో దుకాణంవాడు మోసం చేశాడని, అవన్నీ దండగని ఆయన కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నారు. అది విని ఉమ్ హాజిమ్ కూడా తనది ఊడదీసేసింది. అత్తయ్య కోసం ప్రార్థించు అక్కా.

నీ చెల్లెలు,
రఘద

తా.క. సంతకం పెట్టాక కూడా కలం కింద పెట్టలేకపోయాను. గంట తప్పేమీ లేదు. వంకాయలు వేయించినప్పుడల్లా గోల పెడుతోందని డిసెంబరులో దాని బ్యాటరీ నేనే తీసేశాను. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అనుకుంటూనే నెల దాటింది. నేను తీస్తుండగా అత్తయ్య చూసింది. నిన్న మాస్కు పక్కకు జరిపి, నా చెయ్యి పట్టుకుని, ఆయాసపడుతూ అంది: "నేను చెప్పనులేమ్మా. నువ్వే చెప్పు. ఎదురింట్లో చంటిపిల్లలున్నారు."

ఇందాక ఉమ్ హాజిమ్‌కు చెప్పి వచ్చాను. అంతా విని ఆమె స్టూలు తెచ్చి వేసి, నా చేతే దాన్ని మళ్లీ బిగింపించింది. మీట నొక్కి చూస్తే పిల్లలు చెవులు మూసుకున్నారు.

మీ మరిది ఆసుపత్రిలో ఉన్నారు. ఆయనకు చెప్పడానికి బయలుదేరుతున్నాను.