శనివారం సామాన్లు

వెస్ట్‌మీడ్,
ఆగస్టు 14, 1990

ప్రియమైన మణికి,

ప్రభువు చల్లని నీడ నీ మీద ఉండాలని ప్రార్థిస్తూ రాస్తున్నాను. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడానికి మాత్రం, నీ ఉత్తరం చూశాక చెయ్యి రావడం లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అన్నం వండుకుంటున్నాను. ఇక్కడ ఆగస్టంటే చలికాలం, రెండు రగ్గులు సరిపోతున్నాయి. నీ వీసా వచ్చేసింది, టిక్కెట్టు తీయడమే మిగిలింది. ఇంట్లోకి తెస్తున్న పాత సామాన్లు ఎవరివని అడిగావు. చాలావరకు పోయినవాళ్ళవే. ఇక్కడ ముసలివాళ్ళు పోతే పిల్లలు వచ్చి ఇల్లు తెరిచి, మంచం దగ్గర్నుంచి గరిటెల దాకా అమ్మేస్తారు. చర్చిలో పరిచయమైన యోగానంద్ అంకుల్ కారులో ప్రతి శనివారం ఆ అమ్మకాల వెంట పడతాం. ఆయన గడియారాలు వెతుకుతాడు, నేను చెక్క సామాను. మన భోజనాల బల్ల అలా వచ్చిందే. భయపడకు, దయ్యమేమీ వెంట రాలేదు. వచ్చుంటే దానితోనన్నా మాట్లాడుకునేవాణ్ణి.

ఇక అసలు మాట. నీళ్ళ బిందె ఎత్తబట్టే బిడ్డ పోయాడని, మా అమ్మ అందరి ముందూ అదే అందని, ఏ మొహం పెట్టుకుని నా దగ్గరకు రావాలని రాశావు. పేగు మెడకు చుట్టుకుందని డాక్టరమ్మ చెప్పినా నీకు నమ్మకం కుదరలేదు. అందుకే, ఎప్పటికీ చెప్పకూడదనుకున్నది చెబుతున్నాను.

మే నెలలో విండ్సర్ అనే ఊరు దాటాక ఒక పాత పొలంలో షెడ్డు సామాను అమ్మారు. గడ్డిమోపుల వెనక ఒక ఉయ్యాల కనిపించింది. సెడార్ చెక్క, ఒక్క మేకు లేదు. తోస్తే చప్పుడు లేకుండా ఊగింది.

"బేబీ పుట్టాక కొనుక్కోవచ్చులేరా. ముందే ఇంట్లోకి తేకూడదు. మీ ఆంటీకి తెలిస్తే నన్ను కూడా బతకనివ్వదు," అన్నాడు అంకుల్.

"అప్పటిదాకా ఇది ఉంటదా అంకుల్? ఇక్కడ ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

పుట్టకముందు మనవాళ్ళు గుడ్డముక్క కూడా కొనరని నాకు తెలుసు. తెలిసే కొన్నాను. దాన్ని గీకి, నూనె పట్టించి, మంచం పక్కనే పెట్టుకున్నాను. తిడతావని నీకు రాయలేదు. పడుకునే ముందు రోజూ కాసేపు ఊపేవాణ్ణి. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని కూడా నాకు తెలుసు మణీ.

మీ తమ్ముడు మెల్విన్ ఫోన్‌లో "బావా, బాబు దక్కలేదు" అన్నప్పుడు ఆ ఉయ్యాల నా మోకాలికి తగులుతూనే ఉంది.

గొడ్డలి తీసుకుని దాన్ని ఫ్లాట్ల వెనక్కి మోసుకెళ్ళాను గానీ చెయ్యి ఆడలేదు. ఎవరికైనా ఇచ్చేద్దామంటే వాళ్ళింట్లో ఏమవుతుందోనని భయం. ఇప్పుడు గరాజ్‌లో దుప్పటి కప్పి ఉంది.

చదువుకుని ఇవన్నీ నమ్ముతావా అంటావు. నమ్ముతున్నానో లేదో నాకే తెలియదు. కానీ తప్పు ఎవరో ఒకరిది అయి తీరాలంటే, అది నాదే. నువ్వు బిందె ఎత్తింది ఇంటికి నీళ్ళు లేక. నేను ఉయ్యాల కొన్నది నా ముచ్చట ఆగక. నా ముందు నువ్వు తల దించుకోవాల్సిన పని లేదు. వచ్చెయ్యి.

అమ్మ మళ్ళీ బిందె మాట ఎత్తితే ఎదురు చెప్పకు, ఏడవకు. ఈ ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టు.

ఇట్లు,
నీ బావ,
బెన్‌హర్