సోమరప్ప పేరుకు అర్థం

సోమల,
జూన్ 1998

జర్మనీలో ఉన్న అమ్మగారికి నమస్కారం. మదనపల్లె ఫాదరుగారు ఈ ఉత్తరాన్ని మీ భాషలోకి మార్చి పంపుతారు.

మా బావుల పూడిక తీయించడానికి వచ్చిన మీ అబ్బాయి ఇంటిపేరు, సొమ్మర్, మా నోళ్లలో పడి సోమరప్ప అయింది. మా భాషలో సోమరి అంటే పనిదొంగ. పొద్దుగూకేదాకా పార కింద పెట్టనివాడికి అదీ పేరు! ఆ మాట చెబితే పగలబడి నవ్వాడు. అసలు అర్థం ఎండాకాలమట. ఎప్పుడో ఎండలా వెలిగే ముఖమున్న ముత్తాతకు పెట్టి ఉంటారట.

"ఎండాకాలమా! ఈడ దాన్ని ఎవురు రమ్మంటారప్పా? పేరు మార్సుకో," అన్నాను.

"మా ఊర్లో దానికోసం కాసుకోని ఉంటాము తాతా," అన్నాడు, అచ్చం మా యాసలోనే.

మే నెలలో వడదెబ్బ తగిలి మా బావిగట్టునే పోయాడు. సమాధిరాయి మీద ఇంటిపేరుతోపాటు దాని అర్థమూ తెలుగులో చెక్కించమని రాశారు. ఎండకు పోయిన బిడ్డ మీద ఎండాకాలమని ఎలా చెక్కించనమ్మా? సోమరప్ప అని మాత్రం చెక్కిస్తాను, ఒప్పుకోండి. ఇప్పటికి పార కింద పెట్టాడు కదా.

నిన్న వాన పడింది. బావిలోకి నీళ్లొచ్చాయి. ఊరంతా సంబరపడుతోంది. ఎండాకాలం వెళ్లిపోయిందని ఏడుస్తున్నది నేనొక్కణ్ణే.

ఇట్లు,
మీవాడు తాతా అని పిలిచిన ముసలివాడు