పైపు పట్టి చూసే చేయి

మా ఇంటి పోలీసమ్మకు,

ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. అక్కడ నువ్వూ మన చిన్నదీ కూడా కాస్త తేరుకున్నారని ఆశిస్తున్నాను. నీ ఉత్తరం మొన్న అందింది. చిన్నదాని కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయని చదివాక ఆ పూట ముద్ద దిగలేదు.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, నోరు మాత్రం వాటికన్నా బాగా పనిచేస్తోంది. వంటింటి కిటికీ రెక్క బిగించాను. ఇక కారు ఏసీ సంగతి. కుట్లకు చెమట తగలకూడదని డాక్టరు అన్నారని అంతకు ముందటి ఉత్తరంలోనే రాశావు కదా, నాలుగు గంటల దారి దాన్ని ఆ వేడిలో ఎలా తేవాలా అని నాకూ అదే దిగులు పట్టుకుంది.

అందుకే ఏసీలో తగ్గిపోయిన గ్యాసును ఇంటి ముందే ఎక్కించడానికి కూర్చున్నాను. "ఆ కార్ల మెకానిక్కుకి ఇవ్వరా, నీకెందుకొచ్చిన గొడవ!" అని అమ్మ పోరింది. "ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఫ్రిజ్జులన్నిటికీ నింపుతున్నా. నా కారుకి ఇంకొకడు నింపాలా?" అన్నాను. నా పద్ధతి నీకు తెలుసుగా. మీటరు మీద నాకు గురి లేదు. పైపును మూడు వేళ్ళతో పట్టుకుంటే గ్యాసు ఎంత ఎక్కిందో వేళ్ళే చెబుతాయి. తొడుగు వేసుకుంటే ఆ చల్లదనం తెలియదని ఉత్త చేతులతోనే పట్టుకున్నాను.

పోయిన ఉత్తరంలో అక్షరాలు కోడి కెలికినట్టున్నాయేమిటని అడిగావు. పెన్ను బాగాలేదని రాద్దామనుకున్నాను. నీ దగ్గర ఎన్నాళ్ళు దాస్తానే? అది ఎడమచేతి రాత. ఇదీ అంతే.

గ్యాసు డబ్బా మర తిప్పి మూయకుండానే గొట్టం పీకాను. గ్యాసు బుస్సుమని ఆ మూడు వేళ్ళ మీదికే కొట్టింది. తెల్లగా పాలిపోయి, బొబ్బలెక్కాయి. బొబ్బలు మానాయి గానీ స్పర్శ రాలేదు. వస్తే రావచ్చు, నమ్మకంగా చెప్పలేనన్నాడు ఇక్కడి డాక్టరు. నిన్న ఒకరింట్లో ఫ్రిజ్జు పైపు పట్టుకున్నాను. ఏమీ తెలియలేదు. ఎడమచేత్తో పట్టుకుంటే దానికి ఆ విద్య రాదు. సామాను మర్చిపోయానని ఇంటావిడతో అబద్ధమాడి బయటికొచ్చి, వీధి మలుపులో బండి ఆపుకుని ఏడ్చాను. నాకు వేరే పని రాదు, భయంగా ఉంది. పైన క్షేమమని రాసింది ఉత్తరాల అలవాటు కొద్దీ రాసిందే.

కారు చివరికి ఆ మెకానిక్కే పూర్తి చేశాడు. అమ్మ లోపల కూర్చుని రెండు నిమిషాలకే శాలువా కప్పుకుంది. నేను కుడిచెయ్యి గాలికి అడ్డంపెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ఆదివారం వస్తున్నాను. చిన్నదాన్ని ముందు సీట్లో, నా పక్కనే కూర్చోబెట్టు. చలేస్తే నాన్నకి చెప్పాలని దానికి ముందే నేర్పు. నా వేళ్ళకి తెలియదు.

ఇట్లు,
నీ మొండి మొగుడు